మూతపడ్డ ఫ్యాక్టరీ, పాత జెట్టీ, ఆయిల్ ప్లాట్‌ఫామ్: వేట చేసుకునే ఊరికి ఇందులో ఏది పనికొస్తుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒడ్డున మూతపడ్డ చేపల క్యానింగ్ ఫ్యాక్టరీ ఉంది, దాని ముందు పెద్ద ఓడల కోసం కట్టిన కాంక్రీట్ జెట్టీ ఉంది, సముద్రంలో కాస్త దూరంగా వాడకం ఆపేసిన ఆయిల్ ప్లాట్‌ఫామ్ ఉంది. పక్కనే తరతరాలుగా వేట చేసుకుంటున్న ఊరు, నీళ్ళ మీద స్తంభాలేసి కట్టుకున్న చెక్క ఇళ్ళు, అవి ఒక్కోటీ పోతున్నాయి. ఈ పాత కట్టడాలు వాడి ఊరిని నిలబెట్టొచ్చా, ఆ ఇళ్ళ స్టైల్‌నే లోపల దించొచ్చా అని. చేయొచ్చండి, కానీ మీరు పెట్టిన స్కెచ్‌లు చూస్తే పని తోక దగ్గర మొదలైనట్టుంది. జెట్టీలు, రేవు గోడలు, వాటి రిపేర్లు, ఇదే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి కాస్త ఓపిగ్గా రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోవద్దు.

ముందు ఒక్క మాట. ఆ సైట్‌లో అన్నిటికన్నా విలువైనది ఫ్యాక్టరీ బిల్డింగ్ కాదు, నీళ్ళు నేలని తాకే ఆ అంచు. లోతు నీళ్ళు, పడవ కట్టుకునే చోటు, చేప దించే చోటు, లారీ వచ్చే దారి, ఇవన్నీ ఒకే చోట ఉన్న స్థలాలు చాలా తక్కువ, ఫ్యాక్టరీ వాళ్ళు అక్కడ కట్టడానికి కారణం కూడా అదే. ఫ్యాక్టరీ మూతపడగానే ఆ అంచు మీద కన్ను పడేది ముందు హోటళ్ళకి, అపార్ట్‌మెంట్లకి. అమెరికాలో మెయిన్ రాష్ట్రం తీరం మొత్తం కొలిస్తే 5,300 మైళ్ళు, అందులో చేపల పనికి వాడుకునే అంచు మిగిలింది దాదాపు 20 మైళ్ళేనని 2007 నాటి సర్వేలో తేలింది. వాళ్ళు అప్పటికే 2005 నుంచి ఒక పద్ధతి పెట్టారు, స్థలం ఓనర్‌కి రాష్ట్రం డబ్బిచ్చి, ఈ అంచు ఇక చేపల పనికే అని పత్రాల్లో శాశ్వతంగా రాయించుకుంటుంది, తర్వాత ఎవరు కొన్నా ఆ షరతు వాళ్ళకీ వర్తిస్తుంది. చిలీలో 2017లో ఏకంగా చట్టమే తెచ్చారు, చిన్న వేట రేవులని అక్కడి జాలరుల సంఘాలకే అప్పగించేలా. మీ ప్రాజెక్ట్‌లో ఇలాంటి కాగితం ఏది? అది లేకుండా త్రీడీ బొమ్మలు గీయడం అంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

కట్టడం బతికితే ఊరు బతికినట్టే అనుకుంటారు చాలామంది. కాలిఫోర్నియాలో మాంటెరీ చూడండి. సార్డీన్ చేపలు పోయాక క్యానరీలు ఒక్కోటీ మూతపడ్డాయి, చివరిది 1973లో, ఆ చివరి క్యానరీ స్థలంలోనే 1984లో అక్వేరియం తెరిచారు, పాత బాయిలర్లు కూడా దాచారు, అక్వేరియంగా అద్భుతమైనది, నేను దాన్ని తక్కువ చేయట్లేదు. కానీ ఆ వీధి ఇప్పుడు హోటళ్ళ వీధి, షాపుల వీధి. పడవ దిగి వల భుజాన వేసుకుని నడిచే మనిషికి అక్కడ పనేం లేదు. మీకు కావలసింది అదే అయితే సరే, కానీ మీరు రాసింది ఊరిని నిలబెట్టాలని కదా.

ఇప్పుడు జెట్టీ. దీని మీద మీరు రెండు లైన్లే రాశారు, నిజానికి అసలు పనంతా ఇక్కడే ఉంది. పెద్ద ఓడలకి కట్టిన జెట్టీ డెక్, అంటే పైన నడిచే నేల, ఆటు సమయంలో నీళ్ళ నుంచి నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉంటది. చిన్న పడవ అంచు నీళ్ళ పైన అర మీటరు. మధ్యలో ఉన్న ఆ గోడకి నిలువు ఇనప నిచ్చెన, దాని కింది మెట్లకి నాచు, గవ్వలు. వేట నుంచి వచ్చిన మనిషి ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఇంకో చేత్తో చేపల బుట్ట ఎలా ఎక్కిస్తాడు? ఎక్కించడు, ఇసుక ఒడ్డుకే పోతాడు, మీ ప్రాజెక్ట్ ఖాళీగా ఉంటది. అందుకని జెట్టీ పక్కన నీళ్ళతో పాటు లేచే, దిగే తేలే వేదిక (పాంటూన్), దాని నుంచి డెక్ మీదకి కీలు మీద తిరిగే ర్యాంప్ కావాలి. ర్యాంప్ పొడవు దగ్గర పిసినారితనం చేయొద్దు, పోటులో చదునుగా కనిపించే ర్యాంపే బాగా ఆటు వచ్చినప్పుడు నిట్టనిలువుగా అయిపోద్ది, తడి కాళ్ళు, చేప జిగురు, ఇక చెప్పేదేముంది. మీ దగ్గర ఆటుపోట్ల తేడా మూడు మీటర్లు అన్నారు కదా, ఎనిమిదికి ఒకటి వాలు దాటకూడదు అనుకున్నా ర్యాంప్ ఒక్కటే పాతిక మీటర్లు వస్తుంది. డబ్బు ఇక్కడ పెట్టండి, ముఖద్వారం మీద కాదు.

ఈ ఆటుపోట్ల లెక్క మీ ఇళ్ళ డిజైన్‌కి కూడా సంబంధించిందే. మీరు రిఫరెన్స్‌గా పెట్టిన జపాన్ ఇనే ఊరి ఫోటోలు, కింద పడవ, పైన వలలు, మనుషులు ఉండే ఆ చెక్క ఇళ్ళు, దాదాపు 230 ఉన్నాయి, 2005 నుంచి రక్షిత ప్రాంతం. చూడ్డానికి చాలా బాగుంటాయి. కానీ అవి అక్కడ ఎందుకు సాధ్యమయ్యాయో చూశారా, ఆ అఖాతంలో ఆటుపోట్ల తేడా దాదాపు అర మీటరే, పైగా అలలు లోపలికి రాకుండా నోటి దగ్గర దీవి అడ్డంగా ఉంది. అర మీటరు తేడా ఉంటేనే ఇంటి కింద గదిలోకి పడవని నేరుగా లాగొచ్చు. మూడు మీటర్ల తేడా ఉన్నచోట అదే ఇల్లు కడితే సగం రోజు పడవ బురదలో, ఇంకో సగం రోజు గది నీళ్ళలో. మీ పక్క ఊళ్ళో ఇళ్ళు పొడుగు స్తంభాల మీద ఎందుకున్నాయో అక్కడివాళ్ళకి తెలుసు, వాళ్ళని అడగండి, ఫోటో సైట్లని కాదు.

కాంక్రీట్ సంగతి. సముద్రం పక్కన పాతికేళ్ళు ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన కాంక్రీట్‌ని ఫోటో చూసి గట్టిగా ఉంది అనడం ఎవరివల్లా కాదు. ఉప్పునీటిలో క్లోరైడ్ మెల్లగా కాంక్రీట్ లోపలికి ఇంకుతుంది, ఊచల దాకా చేరి ఒక స్థాయి దాటాక, సిమెంట్ బరువులో 0.4 శాతం అనేది మామూలుగా వాడే లెక్క, ఊచ తుప్పు పట్టడం మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపల నుంచి నెట్టి పెచ్చులు ఊడగొడుతుంది. పాత కట్టడాల్లో ఊచ మీద కాంక్రీట్ మందం 25, 30 మిల్లీమీటర్లే కనిపిస్తుంది చాలాచోట్ల, ఇప్పుడు సముద్రం పక్కన 50 నుంచి 75 అడుగుతారు. ఎక్కువ దెబ్బ తినేది ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే భాగం కాదు, అక్కడ ఆక్సిజన్ తక్కువ, తడిసి ఆరి తడిసి ఆరి ఉండే అల తగిలే పట్టీ ఉంటది చూడండి, అదీ, డెక్ అడుగుభాగం, దూలాల కింది అంచులు. ఆటు సమయంలో చిన్న పడవలో డెక్ కిందకి వెళ్ళి సుత్తితో వరసగా తట్టుకుంటూ పోండి. బాగున్నచోట గట్టిగా ఖంగుమంటుంది, పొర విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది, సుద్దముక్కతో గీత గీసుకోండి. ఒక్క పూటలో ఎంత మేర పోయిందో ఒక అంచనా వస్తుంది, ఆ తర్వాతే కోర్ తీయించడం, అంటే కాంక్రీట్‌లోంచి గుండ్రటి ముక్క కోసి తీయడం, క్లోరైడ్ టెస్ట్, ఊచ ఎక్కడ తుప్పు పట్టే అవకాశం ఉందో చెప్పే హాఫ్ సెల్ రీడింగ్.

రిపేర్‌లో ఒక మెలిక ఉంది, కాంట్రాక్టర్ చెప్పడు. ఊడిపోయిన చోట మాత్రమే చెక్కి కొత్త మోర్టార్ కొడితే, ఆ ప్యాచ్‌లో ఊచ బాగానే ఉంటది, ప్యాచ్ చుట్టూ ఉన్న పాత కాంక్రీట్‌లో క్లోరైడ్ అలాగే ఉంది కదా, తుప్పు ఇప్పుడు అక్కడికి మారుతుంది, ముందుకన్నా వేగంగా కూడా. రెండు మూడేళ్ళలో ప్యాచ్ చుట్టూ రింగులా పగుళ్ళు వస్తాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అందుకని ప్యాచ్ అంచుల్లో చిన్న జింక్ ఆనోడ్లు, అంటే ఊచ బదులు తామే కరిగిపోయే ముక్కలు, కట్టి పూడ్చాలి, లేదా మొత్తానికి కరెంట్‌తో కాపాడే పద్ధతి పెట్టుకోవాలి, దానికి కరెంటు, మనిషి, నిర్వహణ ఎప్పటికీ ఉండాలి. సంఘం భరించలేని టెక్నాలజీ పెట్టి వెళ్ళిపోతే మళ్ళీ పదేళ్ళకి ఇదే కథ. నా లెక్కలో అయితే జెట్టీ మొత్తాన్ని కాపాడాలని చూడకండి, బాగున్న మూడో వంతు ఉంచుకుని మిగతాది కూల్చేయడం చాలాసార్లు చవక.

విషాల సంగతి ఇంకా పెద్దది. పాత ఫ్యాక్టరీ అంటే పైకప్పు ఆస్బెస్టాస్, పాత పెయింట్లో సీసం, ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో పీసీబీ అనే విష రసాయనం, కోల్డ్ స్టోరేజ్ పైపుల్లో అమ్మోనియా మిగిలి ఉండొచ్చు, ఇవి కనిపించేవి, తీయించేయొచ్చు. కనిపించనిది జెట్టీ కింద బురద. ఓడల అడుగుకి పూసే పాత రంగుల్లో నాచు, గవ్వలు పట్టకుండా వేసే టీబీటీ అనే విషం ఉండేది, 2008 నుంచి ప్రపంచమంతా నిషేధం, కానీ బురదలో అది చాలా ఏళ్ళు ఉంటది. పడవలకి లోతు చాలట్లేదని డ్రెడ్జింగ్ చేస్తే, అంటే అడుగు బురద తవ్వితే, అణగి ఉన్నదంతా లేచి నీళ్ళలో కలుస్తుంది, అక్కడే వల వేస్తారు, ఆ చేపే ఇంట్లో తింటారు. జపాన్‌లో మినమాటా పేరు వినే ఉంటారు, ఫ్యాక్టరీ వదిలిన పాదరసం, జబ్బు బయటపడింది 1956లో, వదలడం ఆపింది 1968లో, బురద తవ్వి అఖాతంలో ఒక భాగాన్ని పూడ్చే పని 1990 దాకా సాగింది, చేపలు బయటికి పోకుండా కట్టిన వల తీసింది 1997లో. పాదరసం వదలడం ఆపేసిన తర్వాత కూడా దాదాపు ముప్పై ఏళ్ళు. మీది అంత ఘోరం కాకపోవచ్చు, కానీ బురద శాంపిల్ రిపోర్ట్ రాకుండా ఎవరినీ అక్కడికి తరలించొద్దు, ఇందులో నేను రాజీపడను.

సరే, అవన్నీ దాటి బిల్డింగ్ బాగుందనుకుందాం. దేనికి వాడాలి? మీ డ్రాయింగ్‌లో కిందా పైనా అంతా ఇళ్ళే పెట్టారు, నాకు నచ్చలేదు. క్యానింగ్ హాల్ అంటే పొడుగాటిది, మధ్యలో స్తంభాలు తక్కువ, నేల బరువు మోస్తుంది, మురుగు కాలువలు ఉన్నాయి, పైకప్పు దూలాలకి ఏమైనా వేలాడదీయొచ్చు. ఇది వలల పనికి పుట్టినట్టు ఉంటది. పెద్ద వలని పూర్తిగా పరిచి చిరుగులు చూసుకోవాలంటే పొడుగ్గా నీడ కావాలి, ఇంట్లో కుదరదు, ఎండలో పడేస్తే నైలాన్ పాడైపోద్ది. ఇంజన్ రిపేర్, పడవ ఎక్కించి అడుగు గీకడం, ఐస్, చేప శుభ్రం చేసే బల్లలు, ఇవన్నీ హాల్లో. ఐస్ లెక్క చిన్నచూపు చూడొద్దు, వేడి ప్రాంతాల్లో కిలో చేపకి కిలో ఐస్ అనేది ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ వాళ్ళు చెప్పే లెక్క, రోజుకి రెండు టన్నుల చేప దిగితే రెండు టన్నుల ఐస్. పాత కోల్డ్ రూమ్ గోడల ఇన్సులేషన్ పొడిగా ఉంటే అదొక్కటే బోలెడు డబ్బు మిగులుస్తుంది, తడిసి ఉంటే మాత్రం చెత్తే, పీకేయాలి. చేపలు ఎండబెట్టడానికి మాత్రం లోపల చోటు పెట్టకండి, దానికి గాలి ఆడాలి, ఫ్యాక్టరీ గోడలు గాలి ఆపుతాయి, డాబా మీద గానీ బయట పందిళ్ళ మీద గానీ. చేపని కోసి, ఎండబెట్టి, అమ్మేది చాలాచోట్ల ఆడవాళ్ళే, మీ మీటింగ్ ఫోటోలో ఒక్కరూ కనిపించలేదు నాకు, వాళ్ళని అడగకుండా ఈ ప్లాన్ ఫైనల్ చేయకండి.

ఇక ఆ చెక్క ఇళ్ళ స్టైల్. జాలరుల కట్టడం అంటే ఒక ఆకారం కాదండి, ఏటా రిపేర్ చేసుకునే ఒక అలవాటు. దొరికిన సామానుతో, ఉన్న పనిముట్లతో, పక్కింటివాళ్ళ సాయంతో. ఇటలీలో అబ్రుజ్జో తీరాన ట్రబొక్కి అని ఉంటాయి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కర్రల మంచెలు, వాటి నుంచి పొడుగు వాసాలకి కట్టిన పెద్ద వలని దించి లేపుతారు. చూస్తే పూర్తిగా పాతకాలం అనిపిస్తుంది. కానీ 19వ శతాబ్దంలో ఆ తీరం వెంట రైలు మార్గం వచ్చాక, కట్ట జారకుండా రైల్వే వాళ్ళు నాటిన రొబీనియా చెట్ల కర్ర, పాత స్లీపర్లు, పట్టాల ముక్కలు, అన్నీ ఆ మంచెల్లోకి చేరాయి. అంటే పరిశ్రమ వదిలేసిన సామాను వాడటం సంప్రదాయానికి కొత్త కాదు, సంప్రదాయమే అలా తయారైంది. తమాషా ఏంటంటే 2005లో ఆ రైలు మార్గాన్ని లోపలికి మార్చేశారు, పాత కట్ట మీద ఇప్పుడు ఓర్టొనా నుంచి వాస్తో వైపు 40 కిలోమీటర్లకి పైగా సైకిల్ దారి. మంచెల్లో చాలా వాటిల్లో రెస్టారెంట్లు. ఆ రెస్టారెంట్ డబ్బుతోనే ఏటా కర్రలు మారుస్తున్నారు, అది నిజం, కానీ వల ఇప్పుడు ఎక్కువగా చూపించడానికే. నార్వే లోఫోటెన్‌లో కాళ్ళ మీద నిలబడే ఎర్ర గుడిసెలదీ అదే దారి, చలికాలం కాడ్ వేటకి వచ్చేవాళ్ళ కోసం కట్టినవి, 1120 ప్రాంతంలో రాజే కట్టించాడంటారు మొదటివి, ఇప్పుడు వాటిల్లో చాలావరకు టూరిస్టులకి అద్దెకి. వద్దని కాదు నేను చెప్పేది. కానీ ఆ అద్దె ఎవరి చేతికి పోతుంది అన్నది కట్టకముందే తేలాలి.

అందుకే ఫోగో ఐలాండ్ నాకు ఇష్టమైన ఉదాహరణ, కెనడా న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర. అక్కడి హోటల్ ఫోటోలు అందరూ షేర్ చేస్తారు, పాత చేపల మంచెల్లాగా కర్రకాళ్ళ మీద నిలబడ్డ తెల్లటి బిల్డింగ్, 29 గదులు, 2013లో తెరిచారు, లాభం వస్తే ఊరికే పోయేలా చారిటీ చేతిలో ఉంది. ఎవరూ షేర్ చేయనిది అంతకుముందు కథ. 1960ల్లో కంపెనీలు వెళ్ళిపోయాయి, ప్రభుత్వం ఊళ్ళు ఖాళీ చేసి వేరేచోటికి పొమ్మంటోంది, అప్పుడు ఊళ్ళ వాళ్ళు కోఆపరేటివ్ పెట్టుకుని పడవలు కట్టారు, కంపెనీలు వదిలేసిన చేపల ప్లాంట్లని వాళ్ళే నడిపారు. 1992 జూలైలో కాడ్ వేట మీద నిషేధం వచ్చి ఆ ప్రావిన్స్‌లో దాదాపు 30,000 మంది పని పోతే, వీళ్ళు పీతలు, రొయ్యల మీద నిలబడ్డారు. చూడండి వరస, ముందు సంఘం, తర్వాత ప్లాంట్, ఆ తర్వాత ఎప్పటికో అందమైన బిల్డింగ్. మీరు చివరిది ముందు అడుగుతున్నారు.

ఇళ్ళు కావాల్సిందే అంటే ఫ్యాక్టరీ వెనక గోదాముల్లో పెట్టండి, కానీ పూర్తిగా కట్టి తాళాలివ్వొద్దు. చిలీలో ఇకీకె ఊళ్ళో 2004 ప్రాంతంలో దాదాపు వంద కుటుంబాలకి సగం ఇల్లు కట్టి ఇచ్చారు, పునాది, మెట్లు, వంటగది, బాత్‌రూమ్, గట్టి గోడలు. మిగతా సగం ఖాళీ, వాళ్ళే నింపుకున్నారు. మీకూ అదే సరిపోతుంది, స్తంభాలు, పైకప్పు, నీళ్ళు, కరెంట్, నిప్పు అంటుకోకుండా మధ్య గోడలు, ఇవి ఇంజనీర్ పని. లోపల చెక్క అరుగులు, కిటికీలు, అటకలు ఊరి వడ్రంగుల పని. నిప్పు మాట ఊరికే అనలేదు, హాంగ్‌కాంగ్ తాయ్ ఓలో 2000లో ఒక్క అగ్నిప్రమాదంలో స్తంభాల ఇళ్ళు బోలెడు కాలిపోయాయి, చెక్క ఇళ్ళు ఆనుకుని ఉంటే అంతే.

ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద కాపురాలు మాత్రం వదిలేయండి. డెక్ నీళ్ళ మీద పదిహేను ఇరవై మీటర్ల ఎత్తు, పడవ కట్టే చోటు లేదు, పిల్లల బడి లేదు, చేప అమ్మడానికి ఎలాగూ ఒడ్డుకి రావాలి. పైపుల లోపల పేరుకున్న పొరలో రేడియం ఉండే అవకాశం ఉంది, తుప్పు ఆపే ఆనోడ్లు డిజైన్ కాలం అయ్యేసరికి కరిగిపోయి ఉంటాయి. పైగా చట్టం. వాడకం ఆపేసిన కట్టడాలని తీసేయాలి, చేపల వేటని దృష్టిలో పెట్టుకోవాలి అని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 60వ ఆర్టికల్ చెబుతుంది. 1989 ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) మార్గదర్శకాల ప్రకారం 75 మీటర్ల కన్నా తక్కువ లోతులో, 4,000 టన్నుల లోపు ఉంటే పూర్తిగా తీసేయాలి, 1998 తర్వాత పెట్టినవాటికి ఆ లోతు 100 మీటర్లు. మలేషియాలో మబుల్ దీవి పక్కన పాత రిగ్‌ని వాడుకున్నారు, డైవింగ్ హోటల్‌గా. ఒడ్డునే బజావ్ అనే వేట చేసుకునే జనం స్తంభాల ఇళ్ళల్లో ఉంటారు, ఆ రిగ్ మీద కాదు.

చేపలకి ఇల్లుగా అయితే వేరే లెక్క. కాలిఫోర్నియా ప్లాట్‌ఫామ్‌ల మీద 2014లో వచ్చిన పరిశోధనలో, సముద్రం అడుగు చదరపు మీటరుకి చేపల ఉత్పత్తి ప్రపంచంలోనే ఎక్కువ ఉన్నచోట్లలో అవి ఒకటని తేలింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 500కి పైగా ప్లాట్‌ఫామ్‌లని చేపలు చేరి బతికే కృత్రిమ రీఫ్‌లుగా మార్చారు, ఓడలు తగలకుండా పైభాగం మామూలుగా 85 అడుగుల లోతు దాకా కోసేస్తారు. కానీ అక్కడ ఎక్కువ లాభం సరదాకి గాలం వేసే వాళ్ళకి, డైవర్లకి. మీ ఊళ్ళో గాలం, నిలువు వల వాళ్ళైతే రీఫ్ ఉపయోగపడుతుంది, అడుగున లాగే వలలైతే ఇనుముకి చిక్కుకుని చిరుగుతాయి, ఉత్తర సముద్రంలో మునిగిన ఇనుము వదిలేయొద్దని వేట సంఘాలు పట్టుబట్టేది అందుకే. ఇంకోటి, చేపలన్నీ ఒకేచోట గుమిగూడితే బయటి పెద్ద పడవలు రెండు సీజన్లలో ఊడ్చేస్తాయి, రీఫ్ చుట్టూ హక్కు ఊరికి రాయించలేకపోతే మీరు వాళ్ళ కోసం పని చేసినట్టే.

చివరగా బాధ్యత. పాత కంపెనీ వాళ్ళు ఉచితంగా ఇచ్చేస్తాం అంటే సంతోషపడకండి, చాలాసార్లు వాళ్ళు దానం చేసేది కూల్చే ఖర్చుని. పత్రంలో మూడు విషయాలు చూసుకోండి, బురదలో పాత కాలుష్యం ఎవరిది, రేపు జెట్టీ కూలితే ఎవరిది, ఎప్పటికైనా తీసేయాల్సి వస్తే ఆ డబ్బు ఇప్పుడే ఏదైనా ఖాతాలో వేస్తున్నారా. మూడోదానికి కాదంటే సంఘం పేరు మీద సంతకం పెట్టించొద్దు, లీజుగా అడగండి, లీజు కనీసం రిపేర్ ఖర్చు రాబట్టుకునేంత కాలం ఉండాలి. సుత్తి సర్వే, కోర్ రిపోర్ట్ అయ్యాక ఊచ మీద మందం ఎంత, క్లోరైడ్ ఏ లోతులో ఎంత వచ్చింది ఇక్కడ పెట్టండి, దూలాల ఫోటోలు కింది నుంచి తీసినవి కావాలి, పైనుంచి తీసినవి కాదు. అవి చూస్తే ఆ జెట్టీ ఇంకెన్నేళ్ళు నిలబడుతుందో ఒక మాట చెప్పగలను.